అలివేణి కాలికి తీపి పెట్టినవాళ్ళు

ఆశ్వయుజం, ఆదివారం

పొద్దుటంతా తెప్ప కింద గుల్లలు గీకాను. ఒక్క వారం వదిలేస్తే చాలు, పీపాల అడుగున రాయిలా పట్టేసి ఇల్లంతా ఒక పక్కకి ఒరిగిపోతుంది. వేళ్ళు కోసుకుపోయి పైకి వచ్చేసరికి పలక మోగుతోంది. గట్టు మీది కంపెనీ నుంచి లిఖిత.

"రత్నంగారూ, మీ అరుగు చాలా చల్లగా ఉందండీ."

"చల్లగా ఉంటే మంచిదే కదమ్మా."

"అలా కాదండీ. ఎవరూ ఏమీ పెట్టడం లేదు, పెట్టినా ఎవరూ చూడటం లేదు అని."

తెప్పలపేటలో అరుగంటే పలక మీద అందరం కలుసుకునే చోటు. మా తాతల ఊళ్ళన్నీ నీళ్ళ కిందే ఉన్నాయి. మేం వాటి మీద తెప్పలు కట్టుకుని, తెప్పకీ తెప్పకీ తాళ్ళు బిగించుకుని బతుకుతున్నాం. మధ్యలో ఉన్నవన్నీ నీళ్ళే, పక్కింటికి పోవాలన్నా తాడు పట్టుకుని పడవ లాక్కోవాలి. అందుకని కూర్చుని మాట్లాడుకునే అరుగు మాకదొక్కటే. దానికి నేను కాపరిని. పోటు ఎప్పుడొస్తుందో చెప్పడం, ఎవరి తాడు నలిగిందో చెప్పడం, బూతులు రాసినవాళ్ళని కొన్నాళ్ళు బయట కూర్చోబెట్టడం నా పని. కాపరి ఏం జరిగిందో రాసి ఉంచాలని పేట పెద్దలు అన్నారు కనుక రాస్తున్నాను.

లిఖిత చెప్పింది ఇదీ. కంపెనీ అందరికీ ఊరికే బిళ్ళలు ఇస్తుందట. గోరంత బిళ్ళ, అంగిట్లో అతికించుకోవాలి. నేను అరుగు మీద పెట్టింది ఎవరికైనా నచ్చి పలక మీద వేలు పైకి తోస్తే నా నోట్లో తీపి ఊరుతుంది. నచ్చక కిందకి తోస్తే చేదు. అరుగు వేడెక్కితే గట్టు మీది డాక్టరు ఎప్పుడు కావాలంటే అప్పుడు పలకలో కనిపిస్తాడు.

ఆ డాక్టరు కోసమే సరేనన్నాను. మాకు గట్టు చేరడమంటే సగం పగలు పడవలో ఉండటం.

ఆశ్వయుజం, శుక్రవారం

బిళ్ళల పెట్టె దావీదు సరుకుల పడవలో వచ్చింది. దావీదే ఇంటింటికీ పంచాడు కానీ తను పెట్టుకోలేదు.

"నాకు కట్టుడు పళ్ళండి. అంగిట్లో జాగా ఏదండి?" అని పళ్ళు ఊడదీసి మరీ చూపించాడు.

నేను గుల్లలు గీకిన నా చేతుల ఫొటో పెట్టాను. ముందు ఏమీ లేదు. తర్వాత నాలుక వెనక ఎక్కడో కోవా ముక్క కరిగినట్టయింది. మళ్ళీ ఇంకొకటి. ఎండబెట్టిన నాచు వైపు చూడకుండా పలక ముందే కూర్చుండిపోయాను. వాన వచ్చి నాచంతా తడిసింది.

ఆశ్వయుజం, చివరి వారం

అరుగు కళకళలాడుతోంది. ఎప్పుడూ నోరు విప్పని ముసలమ్మలు పాటలు పాడి పెడుతున్నారు. పీతల వేపుడు ఎలా చెయ్యాలో పెడుతున్నారు. తాడు దగ్గర గొడవపడి మాటలు మానేసిన రెండిళ్ళవాళ్ళు ఒకరికొకరు తీపి పెట్టుకున్నారు. పొరుగు తెప్పలవాళ్ళు కూడా వచ్చి చేరుతున్నారు. ఇంత పని నా చేతుల మీదుగా జరిగిందంటే నాకే నమ్మకం కలగలేదు.

ఒక్కటే ఇబ్బంది. పోటు కబురు పెడితే ఎవరూ తీపి పెట్టరు. రెండు రోజులు నేనే మర్చిపోయాను.

పిల్లలు అన్నం చప్పగా ఉందంటున్నారు.

కార్తీకం, తుఫాను తర్వాత

మంగతాయారు పోయింది. గాలికి తాడు తెగితే బిగించడానికి వెళ్ళి రెండు తెప్పల నడుమ పడింది. మొగుడు పోసిబాబు వలలు అల్లుతాడు. తొమ్మిదేళ్ళ కూతురు, అలివేణి. మంగ శవాన్ని గట్టుకి తీసుకెళ్ళే పడవలో నేనూ ఎక్కాను.

పోసిబాబు అరుగు మీద పెట్టింది ఒక్క ముక్క: "మంగ లేదు."

దానికి వచ్చినన్ని తీపులు అరుగు పుట్టాక దేనికీ రాలేదు. పడవలో అతను నా పక్కనే ఉన్నాడు. మాటిమాటికీ గుటకలు వేస్తుంటే ఏడుపు దిగమింగుతున్నాడనుకున్నాను.

"అక్కా," అన్నాడు మెల్లగా. "అది అక్కడ అట్టా పడుంది. నా నోరు తీపెక్కిపోతంది. ఏం సెయ్యనక్కా?"

"జనం నీ మీద పెట్టుకున్న ప్రేమరా అది," అన్నాను.

అంతకన్నా మంచి మాట ఉన్నట్టు నాకు తోచలేదు అప్పుడు.

మార్గశిరం, గురువారం

పోసిబాబు రోజూ పెడుతున్నాడు. మంగ దువ్వెన. మంగ కట్టి వదిలేసిన చీర. మంగ సగం అల్లిన వల. పెద్దకర్మ దాకా అందరూ వచ్చి తీపి పెట్టారు. ఆ తర్వాత పల్చబడ్డారు. నిన్న మంగ చెప్పుల ఫొటో పెడితే "ఇవి మొన్న పెట్టినవే కదా బావా" అని ఒకడు రాశాడు.

లిఖిత మాట్లాడింది. "ఆయన పెట్టినవి పైన ఉంచండి రత్నంగారూ. కొత్తగా చేరేవాళ్ళు అవి చూసే చేరుతున్నారు." ఉంచాను. ఆ రోజే డాక్టరు పలకలో కనిపించడం మొదలుపెట్టాడు. గౌరమ్మ మోకాళ్ళ నొప్పికి మందు చెప్పాడు. పేటంతా నన్ను మెచ్చుకుంది, నా నోరు తియ్యనైంది.

పుష్యం, మంగళవారం

అలివేణి కాలు కోసుకుంది. తెప్ప అంచున గుల్లల మీద జారిపడిందట. కుడి పాదం పక్కన, చిటికెన వేలు మొదట్లో, నోరు తెరిచినట్టు గాటు. పోసిబాబు ఫొటో పెట్టాడు: "తల్లి లేని పిల్ల."

తుఫాను నాటిలా మళ్ళీ అందరూ వచ్చారు.

డాక్టరుకి చూపించాను. ఉప్పునీళ్ళు తగలనివ్వద్దు, మాత్రలు వేస్తే వారంలో మానిపోతుంది అన్నాడు. మాత్రలు దావీదు తెచ్చాడు. నేనే తీసుకెళ్ళి పోసిబాబు చేతికిచ్చాను. వేణి నాకు కాలు చూపిస్తూ "అత్తా, ఇయ్యాల పడవ నేనే లాగాను తెలుసా" అని వేరే ఏదో చెబుతోంది. ఆ పిల్లకి అప్పటికింకా కాలు పెద్ద విషయం కాదు.

పుష్యం, చివరి వారం

మానలేదు.

రోజూ పొద్దున్నే కాలు ఫొటో వస్తోంది. పేటలో గంజి తాగుతూ దానికోసం చూస్తున్నారు. కాస్త ఆలస్యమైతే "ఏంటింకా పెట్టలేదు?" అని అడుగుతున్నారు. ఈ తెప్పలు ఎక్కడున్నాయో కూడా తెలియని ఊళ్ళవాళ్ళు చేరి, దండం పెట్టే చేతులు పెడుతున్నారు, దీపాలు పెడుతున్నారు. అక్కడా ఇక్కడా వేణి పేరు మీద పాటలు కట్టారు. పుండు ఎంత వెడల్పైంది, రంగెలా మారింది అని మొన్నటి ఫొటోనీ ఇవాళ్టి ఫొటోనీ పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నారు.

ఇవాళ ఒకామె రాసింది: "ఈ రోజు చీము తక్కువగా ఉందేంటి?"

ఆ మాటకి బోలెడు తీపులు వచ్చాయి. నేనూ ఫొటో మళ్ళీ ఒకసారి తీసి చూశాను, తక్కువగా ఉందా అని.

మాఘం, బుధవారం

చెప్పాపెట్టకుండా వెళ్ళాను. గంజి తీసుకుని, తాడు పట్టుకుని పడవ లాక్కుంటూ.

గుమ్మం తెర తీసేసరికి పోసిబాబు నేల మీద కూర్చుని ఉన్నాడు. వేణి పాదం ఒళ్ళో పెట్టుకున్నాడు. మందు రాస్తున్నాడనుకున్నాను. గోరుతో పక్కు అంచు లేపుతున్నాడు. తొందర లేదు, ఉడికిన గుడ్డు మీద పెంకు వలుస్తున్నట్టు నెమ్మదిగా, విరగకుండా. వేణి గౌను అంచు పళ్ళ మధ్య పెట్టుకుని కప్పు వైపు చూస్తోంది. పక్కు ఊడి నెత్తురు ఉబకగానే గౌను వదిలి మూలిగింది.

"ఇప్పుడే కాదమ్మా, ఆగాగు," అన్నాడు. "పలక తియ్యనీ."

అప్పుడు నన్ను చూశాడు.

"ఏం సేత్తన్నావురా?" అన్నాను.

"మానిపోతందక్కా," అన్నాడు.

తప్పు చేస్తూ దొరికిన మొహం కాదు అది. తన కష్టం చెప్పుకుంటున్న మొహం. గంజి గిన్నె నా చేతిలోంచి జారిపోయింది.

"మంగ పోయినప్పుడు అందరూ నాతోనే ఉన్నారక్కా. పెద్దకర్మ అయ్యేసరికి ఎవడి దారి ఆడిది. దీని కాలు కోసుకున్నాక మళ్ళీ వచ్చారు. ఇది మానిపోతే ఎల్లిపోతారు."

"పిల్ల కాలు పోద్దిరా!"

"పోదక్కా. నేను సూసుకుంటన్నాను కదా. లోతుకి పోనివ్వట్లేదు."

మాత్రల పొట్లం చెక్క మీద తెచ్చింది తెచ్చినట్టే ఉంది. ఒకటి తీసి వేణి నోటి దగ్గర పెట్టాను. ఆ పిల్ల నోరు తెరవకుండా ముందు తండ్రి మొహం చూసింది. అతను తల ఊపాక మింగింది.

ఇంటికొచ్చి చాలాసేపు చేతులు కడుక్కున్నాను. నేనేమీ ముట్టుకోలేదు, అయినా.

మాఘం, గురువారం

పేట పెద్దల దగ్గరికి వెళ్ళాను. ముగ్గురూ విన్నారు. ముగ్గురి నోళ్ళలోనూ బిళ్ళలున్నాయి. "అరుగు మీద పెట్టు రత్నం, జనం ఏమంటారో చూద్దాం," అన్నారు.

పెట్టాను. చూసింది చూసినట్టు రాశాను. పిల్లని గట్టు మీది ఆసుపత్రికి తీసుకెళ్ళాలి అన్నాను.

మొదట నాలుగు తీపులు వచ్చాయి. తర్వాత పోసిబాబు కన్నీళ్ళతో పలక ముందుకి వచ్చాడు. వేణిని ఒళ్ళో పెట్టుకుని, "నా మంగ పోయింది, ఇప్పుడు నా పిల్లని కూడా లాక్కెల్తారంట," అన్నాడు. అంతే.

వేపాకు ముద్ద నూరి గొంతులోకి నెట్టినట్టయింది. ఒకరి తర్వాత ఒకరు కాదు, అందరూ ఒక్కసారే. "కాపరికి కళ్ళుకుట్టాయి." "తన మాటకి తీపి రాట్లేదని ఏడుపు." "పిల్లల్లేనిదానికి తండ్రి బాధేం తెలుస్తుంది?" ఆ చివరిది గౌరమ్మ రాసింది. పక్క తెప్పే. మోకాళ్ళ మందు నేను ఇప్పించిన గౌరమ్మ.

తెప్ప అంచున వంగి కక్కుకున్నాను. కక్కిందే మళ్ళీ చేదై గొంతులో నిలిచింది. కాపరికున్న అధికారంతో కాలు ఫొటోలన్నీ తీసేశాను. అప్పటికే అవి ప్రతి పలకలోనూ ఉన్నాయి. నేను తీసిన కొద్దీ వాళ్ళు పెట్టారు.

వేడి ఉప్పునీళ్ళు నోట్లో పోసుకుని పుక్కిలించి, వేలు పెట్టి బిళ్ళ పీకేశాను. దాంతోపాటు కాస్త తోలు కూడా వచ్చింది. బిళ్ళ అడుగున పాచి పట్టి నల్లగా ఉంది. ఇన్నాళ్ళూ నోట్లో పెట్టుకు తిరిగింది దాన్నా అనిపించి నీళ్ళలోకి విసిరేశాను.

మాఘం, శుక్రవారం

పొద్దున్నే దావీదు పడవ వేసుకొచ్చాడు. జరిగిందంతా చెప్పాను.

"ఎల్దామా?" అన్నాను.

"ఎక్కండి. దానికడగాలా?" అన్నాడు.

వేణి ఒళ్ళు కాలిపోతోంది. పాదం చీలమండ దాకా వాచి మెరుస్తోంది. ఎత్తుకున్నాను. పోసిబాబు అడ్డం పడతాడనుకుని దావీదు తెడ్డు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అతను అడ్డం పడలేదు. పలక పట్టుకుని మాకన్నా ముందు బయటికి పరుగెత్తి, వెనక్కి నడుస్తూ వీడియో తీశాడు.

"ఒక్క నిమిషం అక్కా. దాన్ని ఇటు తిప్పు. మొహం కనపడట్లేదు."

దావీదు నీళ్ళలోకి ఉమ్మేశాడు. "ఇంకో మాటన్నావంటే తెడ్డుతో మొహం పగలగొడతాను, ఎదవా," అన్నాడు. పోసిబాబు అది కూడా తీశాడు.

పడవ బయటికి పోవాలంటే దారిలో తెప్పలవాళ్ళు తాళ్ళు దించాలి. రోజూ దించుతారు. సరుకుల పడవ కదా. ఇవాళ అన్ని తెప్పల అంచులా జనం నిలబడి ఉన్నారు, మొగాళ్ళూ ఆడాళ్ళూ. ఒక్కరి మొహం కూడా కనిపించలేదు, అన్నిటికీ పలకలే అడ్డం.

"తాడు దించండ్రా! పిల్ల సచ్చిపోద్ది!" అని దావీదు అరిచాడు.

ఎవరూ దించలేదు. కోపంతో కాదు. ఎవరి చేతులూ ఖాళీగా లేవు.

దావీదు కత్తి తీసి గౌరమ్మ తెప్ప తాడు కోసేశాడు. తెప్ప ఒక్క ఊపు ఊగింది. గౌరమ్మ ముందు పలకని పట్టుకుని, ఆ తర్వాత గుంజని పట్టుకుంది.

సముద్రంలోకి వచ్చాక వేణి కళ్ళు తెరిచింది. "అత్తా, నాకు మాత్రలేసినట్టు అరుగులో సెప్పకు," అంది. "నాన్నకి సేదు పెడతారు."

దాని నెత్తిన తడిగుడ్డ వేస్తూ కూర్చున్నాను.

మాఘం, గట్టు మీద

ఆసుపత్రిలో ఎముక దాకా పోయిందన్నారు. పాదం నిలబెట్టారు. చిటికెన వేలు తీసేశారు.

డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. కోపంగా ఉంది. "పిల్ల కాలు ఇంత పాడయ్యేదాకా ఎవరూ చూడలేదా?"

"చూశారండి," అన్నాను. "అందరూ చూశారు."

ఆమె నన్ను పైనుంచి కిందకి చూసి వెళ్ళిపోయింది. ఆ చూపు నాకు రావలసిందే.

దావీదు రోజూ రాలేడు. వేణి మంచం పక్కనే నేల మీద పడుకుంటున్నాను. జ్వరం తగ్గింది. ఇవాళ గోడ పట్టుకుని కిటికీ దాకా నడిచింది. కింద రోడ్డు కదలకుండా ఉండటం చూసి నవ్వింది. పుట్టాక గట్టు ఎక్కడం ఇదే మొదలు.

ఫాల్గుణం, సోమవారం

లిఖిత వచ్చింది. పలకలో కాదు, మనిషే. చిన్నపిల్ల, ఇరవై ఏళ్ళు దాటి ఉండవు. చేతిలో మిఠాయి పెట్టె.

"కంగ్రాట్స్ రత్నంగారూ! మీ అరుగులో ఇప్పుడు లక్ష దాటారు. పడవ సీన్ చూసి ఎంతమంది ఏడ్చారో తెలుసా అండీ? ఆ తాడు కొయ్యడం..."

"అమ్మాయ్, పిల్ల కాలు పక్కు ఊడదీసింది వాళ్ళ నాన్నే. నేను రాశాను కదా. చదివావా?"

"చదివానండీ." నేల చూసింది. "అది మాకు తెలీదు, అంటే మొదట్లో. చాలా బాధగా ఉంది. కానీ చివరికి మంచే జరిగింది కదండీ. పాప నడిచే వీడియో ఒక్కటి ఇస్తే తెప్పలపేటని మిగతా అరుగులకి మాదిరిగా చూపిద్దామని."

లోపలికి వచ్చేముందే గుమ్మంలోంచి వేణితో కలిసి ఒక ఫొటో తీసుకుంది. అది ఎక్కడో పెట్టినట్టుంది. నేను పక్కు సంగతి చెబుతున్నంతసేపూ ఆమె గొంతు కదులుతోంది. గుటక, ఇంకో గుటక. వినడానికి మొహం జాలిగానే పెట్టింది పాపం, గొంతు మాత్రం ఆగలేదు.

ఆ మిఠాయి పెట్టె ఆమె చేతిలోనే పెట్టి వెళ్ళమన్నాను. ఆమె గుమ్మం దాటకముందే పోసిబాబు వచ్చాడు.

పొరుగు పేట పడవ ఎక్కి వచ్చాడట. గడ్డం పెరిగి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. చేతిలో పలక ఉంది. తియ్యడానికి తెచ్చాడో, అలవాటు కొద్దీ తెచ్చాడో నాకు తెలియదు. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

అప్పటిదాకా కిటికీ దగ్గర నిలబడి ఉన్న వేణి తండ్రిని చూసింది. పలకని చూసింది. కుంటుకుంటూ మంచం దగ్గరికి వచ్చి కూర్చుని, కాలు చాపి, కట్టు ముడి తనే విప్పడం మొదలుపెట్టింది.

"నాన్నా, ఇటు రా," అంది. "ఇక్కడ ఎలుతురు బాగుంది."

నేను కదల్లేకపోయాను. లిఖిత పెట్టె పట్టుకుని అలాగే ఉండిపోయింది. వేణి గుడ్డ చుట్లు ఒక్కొక్కటే విప్పి ఒళ్ళో పెట్టుకుంటోంది. చివరి చుట్టు దగ్గర ఆగి తలెత్తింది.

"ఏడవాలా?"

పోసిబాబు నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది. "వద్దమ్మా," అన్నాడు. "కట్టేసుకో." ఆ పిల్లకి అర్థం కాలేదు. తప్పేదో చేసిందనుకుని నిజంగానే ఏడుపు మొదలుపెట్టింది. అతను వరండాలోకి పరుగెత్తి గోడకి ఆనుకుని కక్కుకున్నాడు. పలక నేల మీద పడి ఉంది. ఎవరూ తియ్యలేదు.

నేను వేణి కట్టు మళ్ళీ చుట్టాను. తర్వాత లిఖితని పిలిచాను.

"అరుగు మూసేస్తున్నాను."

"రత్నంగారూ, ఆలోచించండి. మూసేస్తే డాక్టరు పోతాడు. పోటు కబుర్లు పోతాయి. లక్షమంది అండీ."

"నీ నోట్లో ఇప్పుడు ఏం రుచి ఉందమ్మా?"

కాపరి మాట పలక వింటే చాలు, ఇంకెవరి అనుమతీ అక్కర్లేదు. వరండాలో నిలబడి చెప్పాను. పోసిబాబు విన్నాడు, తల ఎత్తలేదు.

ఫాల్గుణం, తెప్పలపేట

పోసిబాబు బిళ్ళ నేనే తీశాను. అతనికి చేతకాలేదు. నోరు తెరిపించి వేలు పెట్టి లాగుతుంటే అతని ఊపిరి నా మొహానికి తగిలింది, కుళ్ళిన బెల్లం కంపు. తల తిప్పేసుకున్నాను. జాలి పడాలనిపించింది కానీ పడలేకపోయాను. ఎప్పటికైనా పడతానేమో తెలియదు.

వేణి నా దగ్గరే ఉంటుందని పేట పెద్దలకి చెప్పాను. అడగలేదు, చెప్పాను. పోసిబాబు దావీదు పడవ మీద సరుకులు మోస్తున్నాడు. సాయంత్రం వచ్చి తెప్ప అంచున కూర్చుంటాడు, లోపలికి రాడు. వేణి వెళ్ళి పక్కన కూర్చుంటుంది ఒక్కోరోజు. నేను గుమ్మంలోంచి కళ్ళు తిప్పను.

పేటలో సగం మంది పొరుగు తెప్పల అరుగులో చేరిపోయారు. అక్కడ ఎవరో కాలిన చెయ్యి పెడుతున్నారని విన్నాను. మిగతా సగం నన్ను చూస్తే మొహం తిప్పుకుంటారు. డాక్టరు లేడు. మొన్న కాన్పు నొప్పులొచ్చిన పిల్లని పడవలోనే తీసుకెళ్ళాం, పిల్లాడు దారిలోనే పుట్టాడు. ఇద్దరూ బాగానే ఉన్నారు. లేకపోయి ఉంటే ఆ పాపం నాదే అయ్యేది. దావీదూ నేనూ పోటు కబురు పడవేసుకుని తెప్ప తెప్పకీ వెళ్ళి చెబుతున్నాం. కొందరు వింటారు, కొందరు తెర వేసుకుంటారు.

ఇవాళ గౌరమ్మ వచ్చింది. తెగిన తాడుకి కొత్త తాడు ముడేసి, దాన్ని పట్టుకునే పడవ లాక్కుంటూ వచ్చింది. చేతిలో చేపల పులుసు గిన్నె. గిన్నె కింద పెట్టింది. వేణి నాచు ఆరబెడుతోంది.

"ఏమ్మా, నడుత్తున్నావా? ఏదీ, కాలు ఎలాగుందో సూపించు."

వేణి చేస్తున్న పని ఆపింది. నావైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు. పాదం మెల్లగా వెనక్కి లాక్కుని పరికిణీ కిందకి సర్దుకుంది.

"సూపించను," అంది.

వేణి మళ్ళీ నాచు పరుస్తోంది.